కీమో వారం వాయిదా పడితే గడ్డ పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు బెంగళూరులో మూడు వారాలకోసారి కీమోథెరపీ ఇస్తున్నారు. తెల్ల రక్తకణాలు తగ్గాయని ఈసారి వారం వాయిదా వేశారు. ఈలోగా గడ్డ పెరిగిపోతుందేమోనని భయంగా ఉంది. జుట్టంతా రాలిపోయింది. క్యాన్సర్ కణాలను మాత్రమే చంపే మందు ఇవ్వలేరా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఈ వాయిదా నిర్లక్ష్యం కాదమ్మా, చికిత్సలో భాగమే. రక్తకణాలు తగ్గి ఉండగా మళ్లీ మందు ఎక్కించడమే అసలు ప్రమాదం.

ఎందుకో తెలియాలంటే కణం ఎలా విభజన చెందుతుందో చూడాలి. కణం రెండుగా చీలడానికి ముందు చాలా తయారీ ఉంటుంది. జీ1 దశలో పెరుగుతుంది. ఎస్ దశలో 46 క్రోమోజోముల్లోని డీఎన్ఏకు నకలు తయారు చేసుకుంటుంది. జీ2లో ఆ నకలును సరిచూసుకుని, ఎం దశలో చీలుతుంది. ప్రయోగశాలలో పెంచే మానవ కణాలకు ఇదంతా సుమారు 24 గంటల పని. అందులో చీలికకు పట్టేది గంట మాత్రమే. మధ్యమధ్య తనిఖీలుంటాయి. డీఎన్ఏ దెబ్బతింటే పీ53 అనే ప్రోటీన్ పని ఆపించి మరమ్మతుకు సమయమిస్తుంది. మరమ్మతు కుదరకపోతే ఆ కణం తనంతట తానే చనిపోయేలా చేస్తుంది.

క్యాన్సర్‌లో చెడిపోయేది ఈ తనిఖీ వ్యవస్థే. క్యాన్సర్ కణాలే అన్నిటికన్నా వేగంగా విభజన చెందుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎముక మజ్జ, పేగు లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లలోని కణాలు చాలా గడ్డలకన్నా చురుగ్గా విభజన చెందుతాయి. కీమో మందులు ముఖ్యంగా విభజనలో ఉన్న కణాలను దెబ్బతీస్తాయి. ఉదాహరణకు పాక్లిటాక్సెల్, క్రోమోజోములను చెరోవైపు లాగే తంతువులు కదలకుండా బిగించేస్తుంది. ఆ కణం మనకు కావలసినదా కాదా అన్న తేడా దానికి లేదు. అందుకే జుట్టు రాలింది, తెల్లకణాలు తగ్గాయి. చికిత్స ముగిశాక చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. ఈ మాట అమ్మగారికి తప్పక చెప్పండి.

తెల్లకణాల్లో ఇన్ఫెక్షన్లను ముందుగా ఎదుర్కొనేవి న్యూట్రోఫిల్స్. వాటి ఆయుష్షు చాలా తక్కువ కాబట్టి మజ్జ నిత్యం కొత్తవి తయారు చేయాలి. కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఇవి బాగా తగ్గి, మూడో వారానికి కోలుకుంటాయి. 21 రోజుల లెక్క అక్కడి నుంచే వచ్చింది. కొందరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. తనిఖీలు చెడిన గడ్డ కణాలు అంత బాగా కోలుకోలేవు. ఒక విడతలో విశ్రాంతి దశలో ఉండి తప్పించుకున్నవి తర్వాతి విడతల్లో దొరుకుతాయి. ఒక వారం ఆలస్యంతో ఇదంతా వృథా కాదు.

క్యాన్సర్‌పైనే ఎక్కువగా గురిపెట్టే మందులూ ఉన్నాయి. గడ్డ కణాలపై హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటే (హెర్2 పాజిటివ్) ట్రాస్టుజుమాబ్, హార్మోన్లను అందుకునే రిసెప్టర్లున్న (హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్) కొన్ని క్యాన్సర్లలో పాల్బోసిక్లిబ్ ఇస్తారు. రెండోది కణచక్రాన్ని, అంటే పైన చెప్పిన దశల వరుసను, జీ1లోనే ఆపుతుంది. అయితే దానివల్లా తెల్లకణాలు తగ్గుతాయి. ఏది తగినదో బయాప్సీ రిపోర్టు చూసి మీ ఆంకాలజిస్టే చెప్పాలి.

తెల్లకణాలు పెరుగుతాయని పచ్చి ఆకుల రసాలు తాగించకండి. ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువవుతుంది. ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా చూడవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లి, చివరి కీమో తేదీ ముందుగా చెప్పండి. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ మీకు తెలిసిందే. మీకు దగ్గరలో 24 గంటలూ అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రి ఏదో ఈరోజే చూసి పెట్టుకోండి.