బస్తీలో ‘మీ ఆయన కొడతాడా’ అని అడిగే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండో ఏడాది, హైదరాబాద్ బస్తీల్లో భార్యలపై భర్తల హింస మీద ప్రాజెక్టు, ఇంటింటికీ తిరిగి అడగాలి. అడిగితే వాళ్లకు చేటు జరుగుతుందా, ఇంట్లో వాళ్లుంటే ఎలా, ఎవరైనా ఏడిస్తే ఏం చేయాలి?

అడ్డగుట్టలో, జగద్గిరిగుట్టలో ఏడాదిన్నర పాటు ఇలాంటి సర్వేకే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా తిరిగాను. అడగొచ్చు. ఒంటరిగా దొరకని మనిషిని మాత్రం అడగకండి. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు, తప్పు చేసి తెలుసుకున్నాను.

మొదటి నెల. రోజుకు ఎనిమిది ఫారాలు నింపాలని మా సూపర్‌వైజర్ లెక్క. ఆ రోజు ఆరో ఇల్లు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి, చంకలో పిల్లాడు, ఒకటే గది. అత్తగారు గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. కాన్పులు, రక్తహీనత, పిల్లాడి టీకాలు అన్నీ అయ్యాక హింస భాగం వచ్చింది. ‘అమ్మా, కాసేపు బయట కూర్చుంటారా’ అని అత్తను అడగడానికి మొహమాటపడ్డాను. గొంతు తగ్గించి అడిగేశాను. అమ్మాయి తల ఎత్తకుండా ‘ఏం లేదు మేడం’ అంది. ప్రతి ప్రశ్నకూ అదే జవాబు. టిక్కులు పెట్టుకుని లేచాను. చేటలో అత్త చేతులు ఆగిపోవడం చూశాను, పట్టించుకోలేదు.

వారం తర్వాత అదే గల్లీలో నల్లా దగ్గర కనిపించింది. బిందె నిండేలోపు నాలుగు ముక్కలు చెప్పింది. “గవన్నీ ఎందుకడిగినవక్కా? మా అత్త ఆయనకు చెప్పింది. వాళ్లకు ఏం చెప్పినవ్, ఇంటి పరువు తీసినవా అని రాత్రంత లొల్లి.” ఎండాకాలంలో కొంగు మెడ చుట్టూ బిగించి కప్పుకుని ఉంది. నేనింకేం అడగలేదు. కొట్టింది అతనే. కానీ ఆ రాత్రి సాకు నా ఫారం నుంచి దొరికింది. ఆ ఫారంలో మాత్రం ఆమె హింస లేని ఇల్లాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే ఇలాంటి పరిశోధనలకు భద్రతా నియమాలు రాసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ అదే పద్ధతి: ఈ భాగానికి ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుంటారు, ఏకాంతం కుదరకపోతే ఆ భాగం అడగకుండా వదిలేస్తారు. ఇంట్లో ఇద్దరిని అడిగితే ఏం అడిగారన్నది ఆ ఇంటికంతా తెలిసిపోతుంది, అందుకే ఒక్కరు. వదిలేస్తే మీ శాంపిల్ తగ్గుతుంది. తగ్గనివ్వండి. అత్త ముందు రాసుకున్న ‘లేదు’ కన్నా ఖాళీ గడి నయం.

ఆ తర్వాత మేం ఇద్దరిద్దరం వెళ్లడం మొదలుపెట్టాం. ఒకరు అత్తగారికి బీపీ చూస్తూ వాకిట్లో కబుర్లు పెడితే, ఇంకొకరు కోడలితో మేడ మీదో, అంగన్‌వాడీ వెనకాలో కూర్చునేవాళ్లు. సర్వే పేరు అందరికీ ‘ఆడవాళ్ల ఆరోగ్యం’ అనే చెప్పాలి. ఏం అడగబోతున్నామో ఆమెకు ఒక్కదానికే, ఏకాంతంలో చెప్పి మళ్లీ ఒప్పుకోలు తీసుకోవాలి. ఎవరైనా లోపలికి వస్తే పిల్లాడి టీకాల పేజీకి మారిపోతామని ముందే అనుకోండి. రెండేళ్లు దాటిన పిల్లల ముందు కూడా అడగొద్దు, సాయంత్రం నాన్న ఒళ్లో కూర్చుని అన్నీ ఒప్పజెబుతారు. నల్లా వచ్చే రోజు అసలు పోకండి, ఆ పూట ఎవరికీ తీరిక ఉండదు. అదే బస్తీ ఆశా కార్యకర్తతో ఈ ప్రశ్నలు అడిగించొద్దని కూడా నా అభిప్రాయం. ఆమె ఎంత మంచిదైనా పక్కింటి మనిషి, ఒక్కోసారి చుట్టం కూడా.

ఇక మాటల సంగతి. ‘మీరెప్పుడైనా హింసకు గురయ్యారా’ అని అడిగితే దాదాపు అందరూ లేదనే అంటారు. మన దగ్గర ‘హింస పెడుతుండు’ అంటే సతాయిస్తున్నాడని. కొట్టడాన్ని ‘చెయ్యి చేసుకున్నడు’ అంటారు, ‘తాగొచ్చినప్పుడు జరంత లొల్లి’ అంటారు. ఒక పెద్దామె నాతో “మొగుడన్నంక రెండు దెబ్బలేస్తడు బిడ్డా, దానికేంది” అంది, నిజంగా నన్ను ఓదారుస్తున్నట్టు. అందుకే కుటుంబ ఆరోగ్య సర్వే హింస అనే పదం మీద ఆధారపడదు, చేతలను ఒక్కొక్కటిగా అడుగుతుంది: తోశాడా, ఏదైనా విసిరాడా, చెంపదెబ్బ కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా, తన్నాడా, గొంతు నులిమాడా, కాల్చాడా, కత్తి చూపి బెదిరించాడా. మొదటి దానికి లేదన్న మనిషే మూడో దానికి ఆగిపోతుంది. లైంగిక బలవంతం గురించి అడగడం అన్నిటికన్నా కష్టం. ‘ఇష్టం లేకున్నా’ అన్న మాట దగ్గరే చాలామంది చూపు తిప్పుకుంటారు. భార్యకు 18 నిండితే భర్త బలవంతాన్ని అత్యాచారంగా చూడకుండా 2024లో అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత కూడా మినహాయింపు ఉంచింది. 2005 గృహహింస చట్టం మాత్రం దాన్ని లైంగిక వేధింపుగా గుర్తిస్తుంది. ఈ తేడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ‘ఇది తప్పేనా అక్కా’ అని మిమ్మల్నే అడుగుతారు.

అంకెలు మీ గైడ్ ఎలాగూ ఇస్తారు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో భర్త హింస చవిచూసినవాళ్లు దేశంలో 29.3 శాతం, తెలంగాణలో 36.9 శాతం. తెలంగాణ వివరాలు 2019లో, కోవిడ్‌కు ముందే సేకరించారు, కాబట్టి లాక్‌డౌన్ ప్రభావాన్ని వాటిలో వెతకొద్దు. వీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో అంకె: భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం సరైనదేనన్న స్త్రీలు తెలంగాణలో దాదాపు 84 శాతం. కూర సరిగ్గా చేయకపోవడం, చెప్పకుండా బయటికి పోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు ఆ ప్రశ్నలో ఉన్నాయి. ఇది చదివి ‘మన ఆడవాళ్లకే పట్టింపు లేదు’ అని రాసేవాళ్లను చూశాను. నాకలా అనిపించలేదు. ఆ నల్లా దగ్గరి అమ్మాయి కూడా ఆ ప్రశ్నకు ‘సరైనదే’ అని ఉండేది, అత్త వింటోంది కదా.

ఈ సర్వేలకు అందని వాళ్ల గురించి కూడా ఒక పేరా రాయండి. 49 దాటినవాళ్లు, ఇంకా 18 నిండని కోడళ్లు, గచ్చిబౌలి వైపు అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే వలస కూలీల భార్యలు, చెవిటి స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ మనుషులు. చెవిటి అమ్మాయికి సైగల భాష తెలిసిన మనిషి లేకపోతే భర్తో అత్తో దుబాసీ అవుతారు. అప్పుడు ఆమె ఎవరి గురించి చెప్పుకోవాలో వాళ్లే ఆమె మాట చెబుతారు.

ఎవరైనా ఏడిస్తే పెన్ను పక్కన పెట్టండి. ఆ రోజుకు ఫారం పూర్తి కాకపోయినా ఫరవాలేదు. ‘వదిలేసి వచ్చెయ్’ అనొద్దు, ఆమె తరఫున పోలీసులకు ఫోన్ చేయొద్దు, ఆమె అడిగితేనే చేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112, సఖి కేంద్రం (హింస ఎదుర్కొన్న స్త్రీలకు సాయం ఒకేచోట అందించే ప్రభుత్వ కేంద్రం), రక్షణ అధికారి (గృహహింస చట్టం కింద సాయపడే అధికారి) గురించి చెప్పండి. కాగితం ఇవ్వాల్సి వస్తే పీహెచ్‌సీ, గ్యాస్, అంబులెన్స్ నంబర్ల మధ్యలో ఇవీ ఉండేలా చిన్న చీటీ చేయండి, కొంగు ముడిలో దాచుకునేంత. ‘కేసు పెడితే ఇల్లెవరిస్తరు?’ అని ఎంతమంది అడిగారో. కేసంటే మొగుడు జైలుకు, తాను రోడ్డు మీదికి, వాళ్లకు తెలిసింది అంతే. గృహహింస చట్టం కింద అదే ఇంట్లో ఉండే హక్కు, కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు కోరవచ్చని చెబితే ముఖం మారేది. వెళ్లే ముందు ఆ సఖి కేంద్రానికి మీరే ఒకసారి పోయి చూసి రండి. తాళం వేసి ఉన్న ఆఫీసుకు మనిషిని పంపడం కన్నా ఘోరం లేదు.

చివరగా మీ టీమ్ గురించి. శిక్షణలో ఫారం పైకి చదువుతుంటే మాలో ఒకమ్మాయి మధ్యలో ఆపేసింది, ఆ ప్రశ్నలు ఆమె ఇంటివే. ఆమెను కొన్నాళ్లు డేటా ఎంట్రీకి మార్చారు, అదీ ఆమె నోరు తెరిచి అడిగితేనే. శనివారం ఒక గంట అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడానికి డబ్బు, సమయం మీ బడ్జెట్‌లో రాయించండి. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పంపే ముందే రాయించండి. ఫీల్డ్ మొదలయ్యాక అడిగితే, మాకు చెప్పినట్టే, ‘వచ్చే ప్రాజెక్టులో చూద్దాం’ అంటారు.