ఆ సంచి ఆయన చేతికివ్వండి

అమ్మా, ఒడిశాలోని జయపురం నుంచి మీరు రాసిన ఉత్తరం చదివాను. ఎనిమిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప, అత్తగారు, మీ ఆయన, అందరూ కలిసి కిరండూల్ పాసింజర్‌లో విశాఖ వెళ్లి సింహాచలం అప్పన్న మొక్కు తీర్చుకోవాలి. పోయినసారి పిల్లలు బోగీ అంతా పరుగులు పెడితే అత్తగారు పక్క సీటువాళ్ల ముందే "ఈ పిల్లకి పిల్లల్ని పెంచడం రాదు" అన్నారు, ఈసారి ఆ మాట పడకుండా ఇంట్లోనే తయారుచేసుకుని రైల్లో ఆడించగల ఆటలు ఓ పది చెప్పమంటున్నారు.

మీకు చెప్పను. మీకు ఆటలు రాకపోతే కదా! అట్టముక్క మీద వైకుంఠపాళి గీశారు, చొక్కా గుండీలు పావులు చేశారు, గవ్వలు సీటు కింద దొర్లిపోకుండా ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి ఊపమన్నారు (ఇది నాకు తట్టి ఉండేది కాదు). ఇన్ని రాసి చివర్లో ఒక్క ముక్క వేశారు, మావారు ఫోన్ చూసుకుంటున్నారు, పిలిస్తే "నువ్వే చూసుకో" అన్నారు అని. అంతే, మళ్లీ ఆయన ఊసు లేదు. నాకు అక్కడే ఒళ్లు మండింది.

అత్తగారి గురించి మాత్రం రెండు పేజీలు. ఆవిడ నోరు మంచిదని నేననను. కానీ ఆవిడ కొడుకు చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కిటికీ పక్కన కూర్చుంటే, పిల్లలు అల్లరి చేసినప్పుడు అనడానికి ఆవిడకి మీరు తప్ప ఎవరు కనిపిస్తారు? ఆయన్ని ఆ సీట్లో అలా కూర్చోనిస్తున్నది మీరే. పిల్లలు ఏడిస్తే మీ తప్పు, నవ్వితే గొడవ చేస్తున్నారని మళ్లీ మీ తప్పు, దీనికి ఆటల సంచి ఇంకా పెద్దది చేసుకుని వెళ్తే బరువు పెరుగుతుంది తప్ప మాట తగ్గదు. అత్తగారి దగ్గర మంచి కోడలి సర్టిఫికెట్ కోసం మీరు పరీక్ష రాయనక్కర్లేదు.

ప్రయాణానికి ముందురోజు, అత్తగారు లేనప్పుడు, ఆయనతో సూటిగా చెప్పండి: కొరాపుట్ దాటిన దగ్గర్నుంచి కొత్తవలస దాకా పిల్లలు మీ బాధ్యత, నేను కిటికీ దగ్గర కూర్చుంటాను అని. బతిమాలొద్దు, దెబ్బలాడొద్దు. "నాకేం ఆడించడం వచ్చు" అంటే ఈ రెండూ చెప్పండి, ఇవి ఆయన కోసమే రాస్తున్నాను. ప్రతి స్టేషన్‌లో పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. వచ్చే స్టేషన్ ఇంతకంటే పైనా కిందా అని బాబుతో పందెం కాసి, తేడా ఎంతో వాడిచేత తీసివేత చేయించమనండి. అరకు దాటాక శిమిలిగుడ 996 మీటర్లు, అక్కణ్నుంచి ఇక దిగుడే. ఆ లైనులో 50కి పైగా సొరంగాలున్నాయి, ఘాట్‌లో ఒకదాని వెంట ఒకటి వస్తాయి, చీకటి పడగానే పాప ఒకటి రెండు మొదలుపెట్టి వెలుతురు వచ్చేసరికి ఎంతవరకు వచ్చిందో చూడాలి. దీనికి అట్టముక్క కూడా అక్కర్లేదు, తండ్రి తలెత్తితే చాలు.

బాబు బళ్లో ఒడియా చదువుతున్నాడన్నారు. బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపించడం మొదలయ్యాక వాణ్ని నాన్నమ్మ పక్కకి పంపండి, చదివించమనండి. ఆవిడకీ పని ఉంటుంది.

ఆయన మొదటి గంటలోనే విసుక్కుంటారు, పిల్లలు అరుస్తారు, అత్తగారు నోరు తెరుస్తారు. అప్పుడు మీరు లేచి వెళ్లొద్దు. అసలు కష్టం అదే. ఈసారి ఆ మాట ఆవిడ కొడుకు చెవిన పడనివ్వండి, ఏం జవాబు చెప్తాడో చూడండి. ఫోన్ తీసి పిల్లల చేతిలో పెట్టేస్తే మాత్రం ఇంటికొచ్చాక గట్టిగానే అడగండి, రైల్లో నలుగురి ముందు కాదు. ఆ తర్వాత ఏమైందో నాకు రాయండి.