మనసు చదివేవాళ్లకు సర్కారు జీతమా?

ప్రశ్న: మొన్న రాత్రి 'ది ఫ్యూరీ' అనే పాత హాలీవుడ్ సినిమా చూశాను. మానసిక శక్తులున్న పిల్లాణ్ణి ప్రభుత్వ ఏజెన్సీ ఎత్తుకెళ్లి ఆయుధంలా తయారుచేస్తుంది. నిజంగా ఇలాంటిదేమైనా జరిగిందా, అంతా కథేనా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: సగం జరిగింది. కానీ సినిమా చూపించిన సగం కాదు.

పిల్లల్ని ఎత్తుకెళ్లడం, చూపుతో మనుషుల్ని పేల్చేయడం కథే. జీతాలు మాత్రం నిజం. 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రస్సెల్ టార్గ్, హెరాల్డ్ పుథాఫ్ అనే ఇద్దరు లేజర్ శాస్త్రవేత్తలు సీఐఏ డబ్బుతో ఈ పని మొదలుపెట్టారు, రష్యావాళ్లు ఇందులో మనకన్నా ముందున్నారేమో అన్న భయం అప్పట్లో అమెరికాకు గట్టిగా ఉండేది మరి. ఒక మనిషిని గదిలో కూర్చోబెట్టి, వేల మైళ్ల దూరంలోని ఒక చోటు అక్షాంశ రేఖాంశాలు చెప్పి, అక్కడేముందో గీయమనేవారు. దీని పేరు రిమోట్ వ్యూయింగ్ (దూరదర్శనం అందామంటే మనకు చిత్రలహరి గుర్తొస్తుంది). తరవాత సైన్యం కూడా దిగింది, మేరీలాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో ఒక చిన్న బృందాన్ని పెట్టుకుంది. గ్రిల్ ఫ్లేమ్, సన్ స్ట్రీక్, స్టార్ గేట్ అని పేర్లు మారుతూ వచ్చాయి. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు.

1995లో సీఐఏ బయటివాళ్లతో పరిశీలన చేయించింది. ల్యాబ్ ఫలితాల్లో ఏదో ఉందని గణాంక నిపుణురాలు జెస్సికా అట్స్ అంటే, దాంతో ఏదీ రుజువు కాలేదని సైకాలజిస్టు రే హైమన్ అన్నారు. గూఢచర్యానికి మాత్రం పనికిరాలేదని తేలి దుకాణం మూసేశారు.

ఇక సినిమా సంగతి. 1978లో వచ్చిన దీనికి దర్శకుడు బ్రయాన్ డి పాల్మా. కిర్క్ డగ్లస్ ఏజెంటు, ఆ పిల్లాడి తండ్రి కూడా; జాన్ కాసవెటిస్ అతని స్నేహితుడు. ఇజ్రాయెల్ సముద్రతీరంలో ఉత్తుత్తి టెర్రరిస్టుల దాడి చేయించి, తండ్రి చచ్చాడని నమ్మించి కొడుకుని లాక్కుపోయేది ఆ స్నేహితుడే. నాకు భయం వేసింది అక్కడే, శక్తుల దగ్గర కాదు. కథని మధ్యలో సాగదీశారు, కామెడీ అతకలేదు. కానీ అలాంటి శక్తులే ఉన్న ఒక అమ్మాయి తనను ఉంచిన సంస్థ నుంచి తప్పించుకునే సీను చూడండి, మాటల్లేవు, చప్పుళ్లు లేవు, అంతా స్లో మోషన్, జాన్ విలియమ్స్ సంగీతం ఒక్కటే నడుస్తుంటుంది, ఆనందంగా పరిగెడుతున్న మనిషిని చూస్తూనే ఏదో జరగబోతోందని మనకు తెలిసిపోతుంది. ఆ ఒక్క సీను కోసం మళ్లీ చూస్తాను.

ప్రశ్న: మరి కురుక్షేత్రాన్ని చూసి చెప్పిన సంజయుడు కూడా రిమోట్ వ్యూయరేనా? (అదే పాఠకురాలు)

జవాబు: ఉద్యోగం అదే లెండి, రాజు కొలువే కదా! తేడా ఏమిటంటే, వ్యాసుడిచ్చిన చూపుతో సంజయుడు ఎవరి బాణం ఎవరికి తగిలిందో పేర్లతో సహా చెప్పాడు. ఫోర్ట్ మీడ్ వాళ్లు చాలాసార్లు 'ఏదో ఎత్తుగా ఉంది, ఇనుములా ఉంది' దగ్గరే ఆగిపోయేవారు.