పది నిమిషాల ప్రాజెక్టు ప్రెజెంటేషన్ తడబడకుండా ఇవ్వడం ఎలా?

ఒంగోలులో చదువుతూ, దర్శి వైపు పల్లెల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేశానని, పది నిమిషాలు మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉందని రాశారు.

ముందే స్లైడ్ల జోలికి వెళ్లకండి. మీరు కనుక్కున్నదేమిటో ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా ఒక్క వాక్యంలో రాయండి. అది కుదిరితే సగం పని అయినట్టే.

అంకెల్ని ఊరికే చదివి వదిలేయకండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. గ్రాఫులో 1.5 దగ్గర ఒక ఎర్ర గీత గీయండి. అడ్డంగా ఏముందో, నిలువుగా ఏముందో ముందు చెప్పి, "ఈ గీతకు పైనున్న ఒక్కో చుక్కా ఒక్కో బోరు" అని చూపించండి. హాలంతా అక్కడే చూస్తుంది.

ప్రశ్నలంటేనే చాలామందికి భయం. నిజానికి అవి మీ పని లోంచే వస్తాయి. నీళ్లు ఏ నెలలో పట్టారు? గాజు సీసా కాక ప్లాస్టిక్ సీసా ఎందుకు? (ఫ్లోరైడ్ గాజుతో చర్య జరిపే అవకాశం ఉంది కాబట్టి.) ఇలాంటివి పది రాసుకుని జవాబులు పైకి చెప్పుకోండి. తెలియనిదైతే "అది నేను పరీక్షించలేదండీ" అనండి, తప్పేం లేదు.

మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠతా పట్టండి. మిగతాది నిలబడి, ఫోన్లో టైమర్ పెట్టుకుని, కనీసం ఐదుసార్లు గట్టిగా చెప్పి చూడండి. తొమ్మిది నిమిషాల్లో ముగిసేలా కుదించుకోండి.