ఆ కొండ ఎవరిదో రాసేటప్పుడు ప్రోనోటు రాసినట్టు రాయండి

మీరు అడిగింది ఇదీ: ఆదివాసుల నేల మీద కట్టిన అబ్జర్వేటరీలను వాడుకునే ఖగోళ శాస్త్రవేత్తలు పేపర్ చివర "ఈ పర్వతం ఫలానావారికి పవిత్రమైనది, ఇక్కడ పనిచేసే అవకాశం దొరకడం మా అదృష్టం" అని ఒక వాక్యం పెడుతున్నారు, దానివల్ల ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా, రాయాలంటే ఎలా రాయాలి అని.

అలాంటి వాక్యం నేనూ నాలుగైదు పేపర్లలో రాశాను. నిజానికి రాయలేదు, కాపీ పేస్ట్ చేశాను. పాత పేపర్లోంచి కొత్త పేపర్లోకి, గ్రాంట్ నంబర్లతో పాటు. అందుకే ఈ విషయంలో నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు, జరిగింది మాత్రం చెబుతాను.

అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో పోస్ట్‌డాక్ (డాక్టరేట్ తర్వాతి పరిశోధన) చేసేటప్పుడు కిట్ పీక్ అనే కొండ మీది అబ్జర్వేటరీలో రాత్రిళ్ళు పనిచేసేవాణ్ణి. ఊరికి దాదాపు 90 కిలోమీటర్ల దూరం. దారి పొడవునా మనిషికి మూడింతల ఎత్తున సగువారో కాక్టస్‌లు చేతులెత్తి నిలబడి ఉంటాయి. ఆ కొండ తోహొనో ఓధమ్ అనే జాతివారిది. ఆ పేరుకి ఎడారి మనుషులు అని అర్థం. ఒక సాయంత్రం, మబ్బు పట్టి టెలిస్కోప్ డోమ్ తెరిచే ఆశ లేక, డైనింగ్ హాల్లో కూర్చుని నా పేపర్ ప్రింటు దిద్దుకుంటున్నాను. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ, ఆ జాతి ఆవిడే, టేబుల్ తుడుస్తూ ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి "ఇది పైకి చదువు" అంది. చదివాను. నవ్వింది. మళ్ళీ చదవమంది.

కొండ అసలు పేరు ఇయోలిగమ్ దుఆగ్. దుఆగ్ అంటే కొండ, ఇయోలిగమ్ అంటే అక్కడ పెరిగే ఎర్రబెరడు పొద, ఇంగ్లీషులో మాంజనీటా అంటారు. "దు" అని గొంతులో ఒక్క క్షణం ఆపి "ఆగ్" అనాలి. నేను ఆపకుండా లాగేశాను. లాగడం ఒక్కటే కాదు, ఆపమని చెప్పే గుర్తునే నా ప్రింటులో ఎగరగొట్టాను. ప్రచురించిన పేపర్లలోనే ఈ పేరు ఒకటికి మించి స్పెల్లింగుల్లో కనిపిస్తుంది, నేను ఇంకోటి చేర్చానన్నమాట. ఆవిడ మూడుసార్లు పలికించి, "సరే, ఇప్పుడు పర్లేదు. ఇది ఎవరు చదువుతారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పేపర్ చివర గ్రాంట్ల పేరా ఎవరు చదువుతారండీ, గ్రాంట్ ఇచ్చినవాళ్ళు తప్ప.

కిట్ ఎవరో కూడా ఆ తర్వాతే వెతికి తెలుసుకున్నాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ప్రాంతాన్ని కొలిచిన జార్జ్ రోస్‌క్రూజ్ అనే సర్వేయర్ తన తోబుట్టువు అత్తవారింటి పేరు ఆ కొండకి పెట్టాడు. అంతే. ఆ కొండతో వాళ్ళకి ఏ సంబంధమూ లేదు. మ్యాపులో ఎక్కింది కాబట్టి అదే పేరైంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన సూళ్ళూరుపేటలో దస్తావేజు లేఖరి. రిజిస్ట్రార్ ఆఫీసు బయట చెట్టు కింద టేబుల్, చుట్టూ జనం. నా చిన్నప్పుడు ప్రోనోట్లు, దస్తావేజులు ఆయన పక్కన కూర్చుని చూశాను. తేదీ, ఇచ్చేవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, పుచ్చుకునేవాడి పేరు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, వడ్డీ ఎంత, "మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ" చెల్లిస్తానన్న మాట, రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. భూమి కాగితమైతే చెక్కుబందీ తప్పనిసరి, తూర్పు ఎవరిది, దక్షిణం ఎవరిది, పడమర ఏముంది, ఉత్తరం ఏముంది. ఒకసారి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి "ఇందులో ఏం పుచ్చుకున్నారో లేదు, ఎంతకి పుచ్చుకున్నారో లేదు, ఎప్పుడిస్తారో లేదు. దీన్ని కాగితం అనరు, పెళ్ళిపిలుపు అంటారు" అన్నారు.

అప్పట్నుంచి నా లెక్క అదే. అలాంటి వాక్యం రాస్తే ప్రోనోటులా రాయాలి. కిట్ పీక్ విషయంలో అలా రాయడానికి కావలసిన సరుకంతా ఉంది, అదీ విచిత్రం. 1950ల్లో శాస్త్రవేత్తలు స్థలం వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఓధమ్ కౌన్సిల్ వెంటనే ఒప్పుకోలేదు. అది వాళ్ళకి పవిత్రమైన కొండ. అప్పుడు కౌన్సిల్ పెద్దల్ని టూసాన్‌లోని ఆరిజోనా యూనివర్సిటీకి పిలిచి, అక్కడున్న 36 అంగుళాల టెలిస్కోప్‌లోంచి చంద్రుణ్ణి చూపించారు. చూశాక వాళ్ళు ఈ శాస్త్రవేత్తలకి "పొడవాటి కళ్ళ మనుషులు" అని పేరు పెట్టి, 1958లో లీజుకి ఒప్పుకున్నారు. నాకిష్టమైన సంగతి ఏంటంటే, వాళ్ళు చంద్రుణ్ణి చూసిన ఆ టెలిస్కోప్‌నే తర్వాత కొండ మీదికి తరలించారు, భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాల్ని వెతికే స్పేస్‌వాచ్ వాళ్ళు దాన్ని వాడుకున్నారు.

ఈ కథని మా శాస్త్రవేత్తలు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు, వినడానికి బాగుంటుంది కాబట్టి. దాని తర్వాతది చెప్పరు. 2005లో అదే కొండ మీద వెరిటాస్ అనే గామా కిరణాల టెలిస్కోపుల గుంపు కట్టబోతే ఓధమ్ వాళ్ళు ఫెడరల్ కోర్టుకెళ్ళారు, తవ్వకం మొదలుపెట్టే ముందు చట్టప్రకారం మమ్మల్ని సంప్రదించాలి, సంప్రదించలేదు అని. పని ఆగిపోయింది. చివరికి ఆ నాలుగు టెలిస్కోపుల్నీ ఆరిజోనాలోనే ఉన్న మౌంట్ హాప్‌కిన్స్ అనే కొండ దిగువన కట్టుకున్నారు, 2007 నుంచి అక్కడే పనిచేస్తున్నాయి. అంటే సైన్సు ఏమీ మునిగిపోలేదు. "వాళ్ళు అడ్డుపడితే సైన్సు ఆగిపోతుంది" అని కాఫీ దగ్గర వాదించేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఆగలేదు, ఇంకో కొండకి వెళ్ళింది.

హవాయిలోని మౌనా కేయా సంగతి ఇంత సర్దుబాటుగా లేదు. 4,205 మీటర్ల కొండ, శిఖరం దగ్గర పదమూడు టెలిస్కోపులు కట్టారు. ఆ నేల ఒకప్పటి హవాయి రాజ్యానిది. 1893లో రాణిని దించేశారు, 1898లో అమెరికా కలిపేసుకుంది. 1968లో రాష్ట్ర ప్రభుత్వం ఆ శిఖరప్రాంతాన్ని హవాయి యూనివర్సిటీకి 65 ఏళ్ళ లీజుకిచ్చింది, ఏడాదికి ఒక డాలరు. మా సూళ్ళూరుపేటలో సైకిల్ స్టాండ్ కూడా అంతకి రాదు. టెలిస్కోపుల యజమానులు యూనివర్సిటీకి అద్దెకి బదులు పరిశీలన సమయం ఇచ్చేవారు. హవాయి మూలవాసులకి అందులో ఏం దక్కిందో మీరే లెక్కేసుకోండి.

దీన్ని అమెరికా గొడవ అని మనం పక్కకి నెట్టలేం, ఎందుకంటే అక్కడ కట్టాలనుకున్న, ముప్పై మీటర్ల అద్దం ఉండే టెలిస్కోప్‌లో మనకీ పది శాతం వాటా ఉంది. 2014లో కేంద్ర క్యాబినెట్ దాదాపు 1,300 కోట్లకి ఆమోదం తెలిపింది. మొత్తం 492 అద్దం ముక్కల్లో ఎనభైకి పైగా బెంగళూరు దగ్గర హొసకోటలో నునుపు చేయాలన్నది ఏర్పాటు. 2019 జులైలో ఆ టెలిస్కోప్ కట్టొద్దని కొండ దారికి అడ్డంగా కుర్చీలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్ళని, కుపునా అంటారు వాళ్ళని, పోలీసులు ఒక్కొక్కరినీ అరెస్టు చేసి తీసుకెళ్ళిన వీడియోలు చూసిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా నాన్న పన్ను డబ్బులు కూడా అందులో ఉన్నాయి కదా అనిపించింది. నాతో పనిచేసే ఒకతను "సైన్సంటే పడనివాళ్ళు" అన్నాడు. ఆ ఉద్యమానికి ముందు నిలబడ్డవాళ్ళలో కెయాలోహా పిషియోటా అదే కొండ మీద టెలిస్కోపు సిస్టమ్స్ స్పెషలిస్ట్‌గా ఏళ్ళతరబడి పనిచేసినావిడ అని చెబితే, తెలియదు అన్నాడు. తెలియకపోవడం తప్పు కాదు, తెలియకుండా ముద్ర వేయడమే తప్పు. 2022లో ఆ కొండ నిర్వహణకి కొత్త సంస్థని పెడుతూ చట్టం చేశారు, అందులో హవాయి మూలవాసులకి చోటిచ్చారు. 2024లో రెండు పాత టెలిస్కోపుల్ని ఊడదీసి తీసేశారు. ఇది నాకు ప్రోనోటు మీద కట్టిన మొదటి వాయిదాలా కనబడింది.

ఇంతా చెప్పి మన ఇంటి సంగతి చెప్పకపోతే బాగోదు. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర మన అబ్జర్వేటరీ ఉన్న కొండని మావాళ్ళు మౌంట్ సరస్వతి అంటారు. దాని స్థానిక పేరు దిగ్‌పా రత్సా రి. దిగ్‌పా రత్సా అంటే వాళ్ళ భాషలో తేలు. తేలు కొండకి మనం చదువుల తల్లి పేరు పెట్టేశాం, రోస్‌క్రూజ్ కంటే మనం గొప్పేం కాదు. కాకపోతే అక్కడ ఒక మంచి పని కూడా జరిగింది. 2022లో చీకటి ఆకాశపు రిజర్వ్ ప్రకటించి, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకే టెలిస్కోపులిచ్చి, వచ్చే పర్యాటకులకి వాళ్ళే ఆకాశం చూపించేలా నేర్పించారు. చూపిస్తే డబ్బులు వాళ్ళ ఇంటికి వస్తాయి. నా పేపర్ చివరి వాక్యం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంకా ఇంటికి దగ్గరైంది మా ఊరి పక్కనే ఉంది. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట. అది టెలిస్కోపు కాదు, రాకెట్ కేంద్రం, అయినా లెక్క ఒకటే. 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అంతకుముందు ఆ అడవిలో తరతరాలుగా ఉన్నవాళ్ళు యానాదులు, తేనె, దుంపలు, వేర్లు, చేపలు వాళ్ళ బతుకు. ఖాళీ చేయించారు. మా స్కూల్లో రాకెట్ల పేర్లు వరసగా బట్టీ పట్టించారు, కిటికీ అద్దాలు గడగడలాడితే చప్పట్లు కొట్టేవాళ్ళం. యానాదుల ఊసు ఒక్క టీచరూ ఎత్తలేదు, మా క్లాసులో ఇద్దరు యానాది పిల్లలు ఉన్నా సరే. నాన్నని అడిగితే "పట్టా ఉన్నవాడికి పరిహారం. అడవి మీద బతికేవాడికి పట్టా ఎక్కడిదిరా" అన్నారు. చెక్కుబందీలో ఎక్కనివాడు కాగితంలో లేనట్టే. ఆరిజోనా పెద్దావిడ వేలు పెట్టి చదివించేదాకా నాకు ఈ రెండూ కలిపి చూడాలని తట్టలేదు, సిగ్గుపడాల్సిన మాటే.

సరే, ఎలా రాయాలి అన్నారు. నేనిప్పుడు చేసేది చెబుతాను. కొండ పేరు స్థానికులు ఎలా పలుకుతారో వాళ్ళ దగ్గరే వినండి, వాళ్ళ స్పెల్లింగే వాడండి. లీజు ఎప్పుడు, ఎవరు ఎవరికిచ్చారు, ఎంతకి, ఎప్పటిదాకా, ఇవన్నీ దొరికే వివరాలే, ఒక వాక్యంలో పడతాయి. గొడవ జరిగి ఉంటే జరిగిందని రాయండి, దాచడానికి అది మన ఇంటి పరువేం కాదు. "పవిత్రం" అన్న మాట చాలాసార్లు తప్పించుకునే దారి, పవిత్రం అనేస్తే హక్కు గురించి మాట్లాడక్కర్లేదు. టాక్ ఇచ్చేటప్పుడు మొదటి స్లైడులో పెట్టి గబగబా దాటేయకుండా, టెలిస్కోప్ గురించి చెప్పే చోటే చెప్పండి, అద్దం వ్యాసం ఎంతో చెప్పినంత మామూలుగా. ఇక డబ్బు, ఉద్యోగాలు, ఆ పిల్లలకి చదువు, కొత్తది కట్టేముందు అడగడం, కాలం చెల్లినదాన్ని ఊడదీయడం, ఇవి మీరూ నేనూ పేపర్లో చేయలేం. కమిటీల్లో కూర్చునేవాళ్ళు చేయాలి. కానీ మీరు ఏదో ఒక రోజు ఆ కమిటీలో కూర్చుంటారు, అప్పుడు మీ పాత పేపర్లో ఏం రాశారో ఎవరైనా చదివి వినిపిస్తారని గుర్తుంచుకోండి.

నా చివరి పేపర్లో ఇలాగే మూడు వాక్యాలు రాశాను, కొండ పేరు, 1958 లీజు, 2005 కేసు. రెండు నెలలకి జర్నల్ నుంచి దిద్దిన ప్రూఫ్ వచ్చింది, మొదటి రెండూ ఉంచి, కేసు గురించి రాసింది "సైన్సుకి సంబంధం లేదు" అని కొట్టేశారు. వాదించాను, గెలవలేదు. పేపర్లని అందరూ ఉచితంగా చదువుకునేలా ఉంచే ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో పెట్టిన కాపీలో మాత్రం మూడోది కూడా ఉంది, దుఆగ్ మధ్యలో ఆ గుర్తుతో సహా.