ఆదివాసీల చదువు, జ్ఞానం, ఉద్యోగాల విషయంలో యూనివర్సిటీలు ఏం చేయగలవు?

నేనుండేది చెన్నైలో కాబట్టి ఇక్కడి ఉదాహరణే చెప్తాను. మహాబలిపురం వెళ్లే దారిలో, వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళర్లు అనే ఆదివాసీల సహకార సంఘం ఉంది, 1978 నాటిది. పాముకాటు మందు తయారీకి కావలసిన విషాన్ని వీళ్లే తీసి అమ్ముతారు. 2017లో ఫ్లోరిడా యూనివర్సిటీ మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లను అమెరికా పిలిపించుకుని, అక్కడి అడవుల్లో బెడదగా మారిన బర్మా కొండచిలువల్ని పట్టించింది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఇలాంటివాళ్లతో పాఠాలు చెప్పించి, తగిన జీతమిచ్చి, పరిశోధన పత్రాల్లో పేరు వేయడం మన యూనివర్సిటీలకు అంత కష్టమా?

చదువు సంగతికొస్తే, సీటు వచ్చాక అసలు టెన్షన్ హాస్టల్, మెస్ డబ్బులది. స్కాలర్‌షిప్ పడేదాకా ఫీజు కోసం పిల్లల్ని పీడించకుంటే మధ్యలో మానేసేవాళ్లు తగ్గుతారు. మనవాళ్లకో మాట: ఆంధ్ర, తెలంగాణ ఎస్టీ సర్టిఫికెట్ తమిళనాడు రాష్ట్ర కోటాకు (అదీ 1 శాతమే) చెల్లదు. ఐఐటీ మద్రాస్ లాంటి కేంద్ర సంస్థల్లో 7.5 శాతం కోటాకు పనికొస్తుంది.

ఉద్యోగాలంటారా, ముందు ఖాళీగా పడున్న ఎస్టీ బ్యాక్‌లాగ్ పోస్టులు నింపమనండి.