ఏ జబ్బూ లేని పెద్దోళ్లని కూడా ఏటా డాక్టర్‌కి చూపించాలా? మా అమ్మ విషయంలో జరిగింది చెప్తా

మీ నాయనకి 69 ఏళ్లు, బీపీ మాత్ర తప్ప ఇంకేం లేదు, "నేను బాగానే ఉండా, డబ్బులు దండగ" అంటాడు, ఆయన్ని ఏటా చెకప్‌కి తీసుకుపోవాలా, పోతే ఏ ప్యాకేజీ మంచిది అని కదా మీరు అడిగింది. తీసుకుపోండి. ప్యాకేజీ సంగతి తర్వాత చూద్దాం, ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

మాది కావలి. అమ్మ పుట్టిల్లు కనిగిరి పక్క పల్లె, ఆ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కదా, చిన్నప్పట్నించి ఆ నీళ్లే తాగి పెరిగింది, యాభై దాటేసరికి మోకాళ్లు నడుము పట్టేసినాయి. ఇప్పుడు 67. మూడేళ్ల కిందట నెల్లూరులో ఒక ఆస్పత్రిలో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించినాం, ఇరవై పేజీల రిపోర్టు వాట్సాప్‌కి వచ్చింది, కొలెస్ట్రాల్ షుగర్ బాగుండాయి అని మేమే చూసుకుని సంతోషపడి ఫోన్‌లో పెట్టేసినాం. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని మాతో కూర్చుని మాట్లాడిన డాక్టర్ ఎవరూ లేరు. కిడ్నీలు ఎట్లా పనిచేస్తా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా, 1.3 అని లావు అక్షరాల్లో ఉండింది అందులోనే, మా కళ్లకి ఆనలేదు.

మరుసటేడు అమ్మ బాత్రూమ్‌లో రెండు సార్లు తూలి పడబోయింది. పడలేదు కాబట్టి మాకు చెప్పలేదు. ఆ విషయం బయటపడింది మా ఊళ్లో ఒక పెద్ద డాక్టర్ గారి దగ్గర, ఆయన ఫోన్‌లోనే చెప్పినాడు ఇంట్లో ఆమె వాడే మందులన్నీ, వాడి ఆపేసినవి కూడా, ఒక సంచిలో వేసుకుని రండి అని. సంచి టేబుల్ మీద బోర్లిస్తే పదకొండు అట్టలు. కొన్నిటికి పేరున్న ముక్క చించేసి ఉంది. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని ఒక్కొక్క అట్ట తిప్పి చూసి రెండిటిని పక్కన పెట్టినాడు, కంపెనీలు వేరు, రంగులు వేరు, లోపల ఉండేది ఒకే మందు, టెల్మిసార్టాన్, బీపీది. ఒకటి పాత డాక్టర్ రాసింది, ఇంకోటి మధ్యలో వేరే ఆయన రాసింది, అమ్మ రెండూ వేసుకుంటా ఉంది. మూడోది పేరు లేని అట్ట, "ఇదేందమ్మా" అంటే "మోకాళ్లకి నాయనా, మెడికల్ షాపులో ఇస్తాడు, రోజుకొకటి" అనింది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. రెండేళ్ల నుంచి. అదే ఇంట్లో ఉంటా నాకు తెలియదు అంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతాది.

ఆయన కూర్చోబెట్టి బీపీ చూసినాడు, 126. నిలబెట్టి ఒకటి రెండు నిమిషాలాగి మళ్లీ చూస్తే 98. లేచి నిలబడినాక మూడు నిమిషాల్లోపల పై నంబరు 20 పడిపోయినా లెక్కలోకి తీసుకోవాలంట, తూలేది అందుకే. క్రియాటినిన్ ఆ రోజు 1.8. నొప్పి మాత్ర, డబల్ బీపీ మందు రెండూ కలిసి కిడ్నీ మీద పడినాయి అన్నాడు. నొప్పి మాత్ర ఆపించి, బీపీది ఒకటే ఉంచి, నెల తర్వాత చేయిస్తే 1.4 కి వచ్చింది. పూర్తిగా మామూలు కాలేదు, కానీ అక్కడే నిలబడింది.

ఇంతవరకు జరిగిందాంట్లో ఖరీదైన టెస్టు ఏదన్నా ఉందా చూడండి. ఒక సంచి, ఒక బీపీ మిషను, ఒక రక్త పరీక్ష, అరగంట టైమ్ ఇచ్చే డాక్టర్. అందుకే నేను ప్యాకేజీ కంటే మనిషిని ఎంచుకోమంటా, ఏటా అదే డాక్టర్ దగ్గరికి పోతే పోయినేడు ఎంత ఉంది ఈ ఏడు ఎంత ఉంది అని ఆయనకే తెలుస్తాది.

మా చిన్నాయన కూతురు డల్లాస్‌లో ఒక క్లినిక్‌లో పనిచేస్తాది. అక్కడ 65 దాటినోళ్లకి మెడికేర్ అని గవర్నమెంట్ ఇన్సూరెన్స్ ఉంటాది, 2011 నుంచి ఏటా ఒకసారి వెల్‌నెస్ విజిట్ అందులోనే ఫ్రీగా ఇస్తారంట. అది ఒళ్లంతా పరీక్ష చేసేది కాదు, ఎక్కువ మాట్లాడేదే. ఈ ఏడాది పడినారా, మందులు ఏం వాడతా ఉన్నారు, మనసు దిగులుగా ఉంటోందా అని అడుగుతారు, మతిమరుపు ఏమన్నా మొదలైందా చూస్తారు, టీకాలు ఏవి బాకీ ఉన్నాయో రాసిస్తారు. ఆమె చెప్పిన రెండు నేను ఇంట్లో చేయించినా. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోమనాలి, దానికి 12 సెకన్లు గానీ ఇంకా ఎక్కువ గానీ పడితే, కింద పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. ఇంకోటి మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మూడు మాటలు మళ్లీ అడగడం. ఇవి చేస్తే జబ్బు తేలిపోదు, డాక్టర్‌కి చెప్పడానికి ఒక ఆధారం దొరుకుతాది అంతే.

మీ నాయనకైతే షుగర్, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, హిమోగ్లోబిన్, ఒక ఈసీజీ, కంటి పరీక్ష, వీటితో మొదలుపెట్టి మిగతావి డాక్టర్ చెప్తే చూసుకోండి. మధ్యలో బీపీ షుగర్ చూడ్డానికి మీ ఊళ్లో ఏఎన్ఎం (గవర్నమెంట్ నర్సమ్మ) ఉంటాది, దుడ్లు కూడా అక్కర్లేదు. డెబ్భై దాటినాక కేంద్రం ఇచ్చే వయ వందన కార్డు తీసుకోండి, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, కాకపోతే అది ఆస్పత్రిలో చేరితేనే, ఈ చెకప్ ఖర్చుకి రాదు. మీరు పాత పద్ధతిలో టాక్స్ కడతా ఉంటే ఆరోగ్య ఖర్చుల మినహాయింపు కింద (80డి అనేది అదే) చెకప్‌కి 5,000 దాకా చూపించుకోవచ్చు, ఇది క్యాష్ కట్టినా చెల్లుతాది, బిల్లు మాత్రం పారేయొద్దు.

"చెకప్‌కి పోదాం రా" అంటే మీ నాయన రాడు, పెద్దోళ్లకి ఆ మాట వింటేనే ఏదో జబ్బు బయటపడుతుందని భయం. "బీపీ మాత్ర సరిపోతోందా లేదా అడిగొద్దాం" అనండి, మా అమ్మ అట్లే కదిలింది. పొద్దున్నే పరగడుపున పోవాల్సొస్తాది కాబట్టి ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని పోండి, రక్తం ఇవ్వంగానే ఆ బెంచీ మీదే తినిపించండి, అప్పుడు డాక్టర్‌తో నెమ్మదిగా మాట్లాడతాడు. సంచి మర్చిపోవద్దు.